కయోటీకి మర్యాదలు చెయ్యకండి

కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండు మూడు సార్లయినా ఒకటే గొడవ. ఎవరో ఒకరు డోర్‌బెల్ కెమెరాలో పడిన వీడియో పెడతారు. తెల్లవారుజామున బూడిదరంగు జంతువొకటి డ్రైవ్‌వే మీదుగా తాపీగా నడిచి పోతుంటుంది. అది తోడేలా నక్కా అని కాసేపు నడిచాక, "కయోటీ అండీ, తోడేలుకి చిన్న చుట్టం లాంటి అడవి జంతువు" అని ఒకాయన తేల్చేలోపే గ్రూపు రెండుగా చీలిపోయి ఉంటుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు వీటిని పట్టి చంపకుండా సిటీ వాళ్ళు ఏం చేస్తున్నారని నిలదీస్తారు. రెండో జట్టు వాళ్ళేమో, వాటి కొండల్లోకి మనమే వచ్చి ఇళ్ళు కట్టుకున్నాం కాబట్టి వాటి మానాన వాటిని వదిలెయ్యాలంటారు.

నేను రెండు జట్లలోనూ లేను. చంపెయ్యమనేవాళ్ళతో నాకున్న పేచీ చిన్నది, దాని సంగతి తర్వాత. అసలు తగాదా రెండో జట్టుతోనే. వాళ్ళు మంచివాళ్ళు. కయోటీ ఎదురైతే కదలకుండా నిలబడి ముచ్చటగా చూస్తారు, ఫోన్ తీసి వీడియో తీసుకుంటారు, అది తనంతట తాను పోయేదాకా చప్పుడు చెయ్యరు. జంతువుని గౌరవించడమంటే ఇదే అనుకుంటారు. నా లెక్కలో కయోటీకి ఇంతకంటే కీడు లేదు. కనిపించినప్పుడల్లా గట్టిగా అరిచి, అదిలించి, తరమాలి. మనుషులంటే దానికి బెదురున్నన్నాళ్ళే మనకి భద్రం, దానికి ఆయుష్షు.

ఇంతకీ అంత భయపడాల్సిన జంతువేనా అంటే, కాదు. కాలిఫోర్నియా కయోటీ బరువు పది నుంచి పదహారు కిలోల లోపే. చలికాలంలో బొచ్చు గుబురుగా పెరిగి అంతకు రెట్టింపు కనిపిస్తుంది గానీ, మన ఊళ్ళలో బాగా తిని తిరిగే వీధికుక్క కంటే పెద్దదేం కాదు. అమెరికా, కెనడాల్లో 1960 నుంచి 2006 దాకా నమోదైన దాడులన్నిటినీ ఇద్దరు పరిశోధకులు పోగుచేస్తే మొత్తం 142 తేలాయి, గాయపడినవాళ్ళు 159 మంది. 46 ఏళ్ళకి అంతే. పెంపుడు కుక్కలు కరిచేవి ఒక్క అమెరికాలోనే ఏటా 45 లక్షల దాకా ఉంటాయని చాలాకాలంగా చెప్పే అంచనా. నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో అడవికెళ్ళి డాక్టర్ దగ్గరికి పోవాల్సి వచ్చినవాళ్ళంతా పాయిజన్ ఓక్ ఆకులు రాసుకుని దద్దుర్లు తెచ్చుకున్నవాళ్ళో, మిషన్ పీక్ కొండ మీద మిట్టమధ్యాహ్నం అర లీటరు నీళ్ళతో ఎక్కి ఎండదెబ్బ తిన్నవాళ్ళో. మామూలు రోజున కయోటీ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

కానీ ఆ 142 దాడుల లెక్కలో ఒక సంగతి ఉంది. అందులో మూడో వంతు కంటే ఎక్కువ, 37 శాతం, వేట కోసం చేసినవేనని ఆ పరిశోధకులు తేల్చారు. అంటే భయంతో కరిచినవి కావు, పిచ్చెక్కి కరిచినవీ కావు. మనిషిని చూసి, ముఖ్యంగా చిన్నపిల్లల్ని చూసి, తినే వస్తువు అనుకుని వచ్చినవి. తనను తాను కాపాడుకోవడానికి కరిచినవి 4 శాతమే. "మనం దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు" అని మన గ్రూపులో పెద్దమనుషులు చెప్పే మాట ఈ లెక్క ముందు నిలబడదు.

మాకు గంట లోపు డ్రైవ్‌లో ఉన్న మొరాగా, లఫాయెట్ ఊళ్ళలో జరిగింది చూడండి. 2020 జూలైలో మొరాగా పార్కులో రెండేళ్ళ బిడ్డని కయోటీ కరిచింది. డిసెంబర్‌లో హైస్కూలు మైదానంలో వ్యాయామం చేసుకుంటున్న ఒకాయన్ని కాలు పట్టుకుంది. తర్వాత లఫాయెట్‌లో కిరాణా దుకాణంలో పనిచేసే ఒకాయన్ని, మరొకరిని కరిచింది. 2021 ఫిబ్రవరిలో మూడేళ్ళ బిడ్డ. మొత్తం ఐదుగురు. గాయాల మీద, బట్టల మీద అంటిన లాలాజలం నుంచి డీఎన్ఏ తీసి చూస్తే ఐదు కాట్లూ ఒకే కయోటీవి. ఆ కొండల్లో ఇంకా ఎన్ని కయోటీలున్నా, వాటిలో దేనికీ ఈ పాపంలో భాగం లేదు. మార్చిలో దాన్ని పట్టుకుని చంపాక, పోల్చి చూసి ఇదే అని ఖాయం చేశారు.

ఆ ఎనిమిది నెలలూ నేను ఆ వార్తలన్నీ వదలకుండా చదివాను. నన్ను ఆలోచనలో పడేసింది కాట్లు కాదు, అవి జరిగిన చోట్లు. పార్కు, స్కూలు మైదానం, దుకాణం. ఏదీ అడవి కాదు. కయోటీ అలాంటి చోట్ల మనుషుల మధ్య తిరిగేదాకా రావాలంటే అంతకుముందు చాలా ఉదయాలు జరిగి ఉండాలి. మొదట రాత్రిపూట వచ్చి ఉంటుంది, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత తెల్లారాక వచ్చి ఉంటుంది, ఒకరిద్దరు చూసి నవ్వుకున్నారు. తర్వాత మనుషులకి పదడుగుల దూరంలోకి. చనువిస్తే చంకనెక్కడం మనుషుల్లోనే కాదు, ఈ జాతిలోనూ ఉంది. ఏ అడుగులోనూ "ఇక్కడిదాకా వద్దు" అని చెప్పినవాళ్ళు లేకపోతే అది తర్వాతి అడుగు వేస్తుంది. దాని తప్పేం లేదు, దానికి తెలివి ఉండబట్టే అలా చేస్తుంది.

ఇంతకంటే ఘోరంగా కెనడాలోని వాంకూవర్‌లో జరిగింది. ఊరి నడిబొడ్డున స్టాన్లీ పార్క్ అని పెద్ద అడవి లాంటి పార్కు ఉంది. 2020 డిసెంబర్ నుంచి 2021 సెప్టెంబర్ లోపు అక్కడ కయోటీలు 45 మంది మీద పడ్డాయి. జాగింగ్ చేసేవాళ్ళు, సైకిళ్ళ మీద పోయేవాళ్ళు, పసిపిల్లలు. తిండి పెట్టొద్దని అధికారులు పదే పదే మొత్తుకున్నా పెట్టేవాళ్ళు పెట్టారు. చివరికి రాత్రిళ్ళు పార్కు మూసేసి, అంతకుముందువి కూడా కలుపుకుని 11 కయోటీలను చంపారు. జాలిపడి పడేసిన రొట్టెముక్కల ఖరీదు అది.

తిండి సంగతి వచ్చింది కాబట్టి మన ఇళ్ళ గురించి కూడా చెప్పాలి. మనం చికెన్ ముక్కలు పట్టుకెళ్ళి కయోటీలకి పెట్టం. మన పద్ధతులు వేరు. తద్దినం రోజున కాకికి పెట్టాలని పెరట్లో డెక్ మీద అన్నం ముద్ద పెడతాం. ఇక్కడి కాకి మన ఊరి కాకిలా పిలవగానే వచ్చి వాలదు. ముద్ద సాయంత్రందాకా అలాగే ఉంటుంది, పితృదేవతల ప్రసాదం తీసి పారెయ్యడానికి మనసొప్పక రాత్రికి కూడా వదిలేస్తాం. తెల్లారేసరికి ప్లేటు ఖాళీ. "తిన్నారు" అని తృప్తి పడతాం. ఆ తిన్నది రకూనో, ఉడుతో, కయోటీయో ఎవరు చూశారు? ఇది చాదస్తమని నేననను, మా ఇంట్లోనూ చేస్తాం. పెట్టాక గంటసేపు కిటికీలోంచి కాపు కాసి, కాకి రాకపోతే ముద్ద లోపలికి తెచ్చేస్తే శాస్త్రానికి వచ్చిన లోటేం లేదని మా పురోహితుడు గారే చెప్పారు.

అంజీర చెట్టు కింద రాలిన పళ్ళు ఇంకో సంగతి. కయోటీ అంటే మాంసం తినే జంతువనే అందరికీ తెలుసు గానీ అది పళ్ళు కూడా ఇష్టంగా తింటుంది. ఆగస్టులో పెరడంతా అంజీరాలు రాలి పులిసిన వాసన కొడుతుంటే అది రాకేం చేస్తుంది? పిట్టల కోసం వేలాడదీసిన గింజల డబ్బా కూడా అంతే. గింజలు కింద రాలితే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం ఇది వస్తుంది. గ్యారేజీ బయట పిల్లికి పెట్టే గిన్నె గురించి చెప్పక్కర్లేదు. ఒక్కోసారి ఆ గిన్నెతో పాటు పిల్లి కూడా పోతుంది. కాలిఫోర్నియాలో అడవి జంతువులకి తిండి పెట్టడం చట్టవిరుద్ధమని చాలామందికి తెలియదు.

ఇక అడవిలో ఎదురైతే ఏం చెయ్యాలో నేను నేర్చుకున్నది ఇక్కడి బోర్డుల మీద చదివి కాదు, మా నాన్నని చూసి.

నాన్నది కనిగిరి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు మేకలు కాశాడు. ఇక్కడికి వచ్చినప్పుడు ఓక్లండ్ కొండల్లో రెడ్‌వుడ్ పార్కుకి తీసుకెళ్ళాను. స్ట్రీమ్ ట్రైల్ మీద, వాగు పక్కన, పొద్దున్నే చల్లగా ఉంది. మలుపు తిరిగేసరికి దారి మధ్యలో కయోటీ. ఇరవై అడుగుల దూరం. చెవులు నిక్కించి మమ్మల్ని చూస్తోంది. దానికి అవతల ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు మోకాలి మీద కూర్చుని ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు, రెండోవాడు దాన్ని మెల్లగా నోటితో చుచ్చు అని పిలుస్తున్నాడు. కయోటీ తోక కిందికి వేలాడుతోంది. ఎటూ కదల్లేదు.

"నాన్నా, ఉన్నచోటే ఉండు" అన్నాను.

నాన్న వినిపించుకుంటేనా. చేతికర్ర ఎత్తి నేల మీద రెండు దెబ్బలు ఠప్పు ఠప్పున కొట్టి, "ఏయ్! హోయ్! ఫో! ఫో!" అని ఒక్క కేక వేశాడు. ఆ లోయంతా మోగింది. కయోటీ వెనక్కి తిరిగి పది గజాలు దుడుకుగా పోయి ఆగింది. ఆగి, భుజం మీదుగా మళ్ళీ చూసింది. నేనైతే అక్కడితో ఊరుకునేదాన్ని, పోయిందిగా అని. నాన్న ఊరుకోలేదు. కర్ర ముందుకు చాచి ఇంకో నాలుగడుగులు దాని మీదికే నడుస్తూ మళ్ళీ అరిచాడు. అది ఇంకొంచెం పోయి మళ్ళీ చూసింది. మళ్ళీ అరిచాడు. ఈసారి ఫెర్న్ పొదల్లోకి దూరి కనపడకుండా పోయింది.

"వెనక్కి తిరిగి చూసిందంటే ఇంకా బేరమాడుతున్నట్టే అమ్మాయ్. చూపు తిప్పుకుని పోయేదాకా వదలకూడదు. ఇవాళ మందని చూసి ఊరుకుంటే రేపు పట్టపగలే వస్తది" అన్నాడు నడుస్తూ.

ఆ కుర్రాళ్ళిద్దరూ మమ్మల్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. మ్యూజియంలో ఎవరో గట్టిగా తుమ్మితే చూసే చూపు. తర్వాత ఇక్కడి వన్యప్రాణి శాఖల సలహాలు తీరిగ్గా చదివితే నాన్న చేసిందే అక్షరం పొల్లుపోకుండా ఉంది: నిటారుగా నిలబడి పెద్దగా కనిపించు, కళ్ళలోకి చూడు, గట్టిగా అరువు, అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆపకు. ఆఖరిదే ముఖ్యం. చాలామంది సగంలో ఆపేస్తారు. సగంలో ఆపితే, కాస్త దూరం జరిగి నిలబడితే చాలు మనిషి నోరు మూసుకుంటాడని కయోటీ నేర్చుకుంటుంది. అంతకంటే అసలు అరవకపోవడమే నయం.

నాన్న చేసిన వాటిలో ఒక్కటే నేను వద్దంటాను. మొదటి కేకకి ముందు రాయి కోసం వంగబోయాడు, రాయి దొరక్క కర్ర ఎత్తాడు. మన ఊళ్ళో కుక్కల ముందు వంగితే చాలు, రాయి లేకపోయినా పరుగు లంకించుకుంటాయి. తరతరాలుగా తిన్న దెబ్బలు వాటికి ఆ పాఠం చెప్పాయి. ఇక్కడి కయోటీకి ఆ అనుభవం లేదు. దగ్గర్లో ఉన్నప్పుడు వంగితే మనం చిన్నగా, దానికి అందే ఎత్తులో కనిపిస్తాం. ఈ కొండల్లో ఉండే పెద్దపిల్లి, పర్వత సింహం విషయంలో ఇది ఇంకా ప్రమాదం. అందుకని నడక మొదలుపెట్టేటప్పుడే రెండు గులకరాళ్ళు జేబులో వేసుకోమని చెప్తాను. విసిరేది దాని ఒంటికి తగిలేలా కాదు, ముందు నేల మీద పడి చప్పుడయ్యేలా.

ఇంతదాకా చెప్పింది విని, అయితే తిండి పెట్టకుండా, కనిపించినప్పుడల్లా అదిలిస్తే కయోటీ వల్ల ప్రమాదమే ఉండదు కదా అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఆ నమ్మకానికి అడ్డొచ్చేది కేప్ బ్రెటన్.

కెనడా తూర్పు కొసన నోవా స్కోషియాలో కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్క్ ఉంది. 2009 అక్టోబర్ 27న అక్కడి స్కైలైన్ ట్రైల్ మీద టేలర్ మిచెల్ అనే 19 ఏళ్ళ జానపద గాయని ఒంటరిగా నడుస్తోంది. టొరంటో అమ్మాయి, మొదటి ఆల్బమ్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు, పాటల పర్యటన మధ్యలో వచ్చింది. పట్టపగలు. కయోటీలు ఆమె మీద పడ్డాయి. కేకలు విని వేరే నడకవాళ్ళు సాయం పిలిచారు. హెలికాప్టర్‌లో హాలిఫాక్స్ ఆసుపత్రికి తరలించినా ఆ అర్ధరాత్రి దాటాక చనిపోయింది. ఉత్తర అమెరికాలో కయోటీల చేతిలో పెద్దవయసు మనిషి చనిపోయినట్టు నమోదైన ఘటన ఇదొక్కటే. దీనికి ముందు 1981లో కాలిఫోర్నియా గ్లెండేల్‌లో ఇంటి ముందే మూడేళ్ళ పాప చనిపోయింది. అది ఊళ్ళో తిండికి మరిగిన కయోటీ కథ. ఇది కాదు.

ఎందుకు జరిగిందో తేల్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. షికాగోలో 2000 నుంచి కయోటీలను వెంటాడి చదువుతున్న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త స్టాన్లీ గెర్ట్ బృందం ఆ పార్కులో కయోటీలకి జీపీఎస్ పట్టీలు కట్టి తిరుగుడు చూసింది, వాటి మీసాలు కత్తిరించి అందులోని ఐసోటోపులను (తిన్న తిండిని బట్టి పాళ్ళు మారే పరమాణు రకాలను) బట్టి ఏం తింటున్నాయో లెక్క కట్టింది. 2022లో ఫలితాలు వచ్చాయి. మనుషుల తిండి వాటి ఒంట్లో దాదాపు లేదు. తింటున్నది మూస్‌ని. ఆరేడు అడుగుల ఎత్తు, మూడు నాలుగు వందల కిలోల బరువుండే జింక జాతి జంతువుని. మిగతా చోట్ల కయోటీలు బతికేది ఎలుకలు, కుందేళ్ళ మీద. ఆ చలిప్రాంతంలో అవి సరిపడా దొరక్క, గుంపుగా పెద్ద జంతువుల మీద పడటం అలవాటు చేసుకున్నాయి. పార్కులో వేట నిషేధం కాబట్టి మనుషులంటే భయపడాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ రాలేదు. మూస్‌ని పడగొట్టేదానికి ఒంటరిగా నడిచే మనిషి ఎంత? మరుసటి ఏడాది ఆగస్టులో అదే పార్కులో ఆరుబయట నిద్రపోతున్న 16 ఏళ్ళ అమ్మాయి తలని ఇంకో కయోటీ కరిచింది.

ఈ కథ నేను చెప్పేదానికి ఎదురు వెళ్ళదు గానీ దాన్ని ఇంకాస్త కటువు చేస్తుంది. "మేం తిండి పెట్టలేదు కాబట్టి మాకేం కాదు" అనే ధీమా కుదరదు. ఊరికి దూరంగా, మనుషులు అరుదుగా నడిచే అడవిలో కయోటీ మనల్ని చూసి పారిపోకుండా నిలబడితే, అక్కడ దానికి మనుషుల అలవాటు ఉందని కాదు, అసలు మనిషి అంటే ఏమిటో ఇంకా తేల్చుకోలేదని అర్థం. దానికి ఆ సమాధానం మనమే చెప్పాలి, వెంటనే. తర్వాత నోవా స్కోషియా ప్రభుత్వం చంపిన కయోటీ తోలుకి 20 డాలర్ల చొప్పున వేటగాళ్ళకి ఇచ్చింది. మిచెల్ తల్లి మాత్రం, తన కూతురు ఉంటే ఆ జంతువులను చంపడం కోరుకునేది కాదని చెప్పింది.

అరవకూడని సందర్భం కూడా ఒకటుంది. కయోటీలు జనవరి నుంచి మార్చి మధ్య జతకడతాయి, రెండు నెలలు మోస్తాయి, ఏప్రిల్ మే నెలల్లో బొరియల్లో పిల్లలు పెడతాయి. అప్పటినుంచి ఆగస్టు దాకా తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా. ఆ రోజుల్లో కయోటీ మన పక్కనే పొదల చాటున సమాంతరంగా నడుస్తూ రావచ్చు, మొరగొచ్చు, వీపు ఒంచి నోరు తెరిచి బుసకొట్టొచ్చు. ముఖ్యంగా మన వెంట కుక్క ఉంటే. అది వేటాడటం లేదు, తన పొలిమేర దాటేదాకా మనల్ని సాగనంపుతోంది. అక్కడ నిలబడి కర్ర ఝళిపిస్తే అది వెనక్కి తగ్గదు, పిల్లలని వదిలి ఎక్కడికి పోతుంది? శాన్ ఫ్రాన్సిస్కో ప్రెసిడియో పార్కులో ఈ నెలల్లో కొన్ని దారుల మీదికి కుక్కలను రానివ్వకుండా మూసేస్తారు, అది తెలివైన పని. ఇలాంటప్పుడు కుక్కని పొట్టి పట్టీతో దగ్గరికి లాక్కుని, చిన్నదైతే ఎత్తుకుని, ముఖం దాని వైపే ఉంచి వచ్చిన దారినే వెనక్కి నడవాలి.

ఏది సాగనంపడం, ఏది వేట అని ఎలా తెలుస్తుంది అంటారు. నేను చూసుకునే గుర్తు ఒకటే. నేను నాలుగడుగులు వెనక్కి వేసినప్పుడు మధ్య దూరం పెరుగుతోందా, తరుగుతోందా? పెరిగితే, లేదా అంతే ఉంటే, నన్ను పంపించేస్తోంది, పోతాను. తరుగుతుంటే ఏ నెలయినా సరే అరుస్తాను. రెండు సందర్భాల్లోనూ చెయ్యకూడనిది పరుగు. కయోటీ గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, మనం ఎలాగూ గెలవం. పైగా పరుగెత్తేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది. వీపు చూపించొద్దు.

పిల్లల సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే దాడుల్లో ఎక్కువ నష్టపోయేది వాళ్ళే. పిల్లలు భయపడితే రెండే పనులు చేస్తారు, పరుగెత్తడం, కీచుమని ఏడవడం. రెండూ కుందేలు చేసే పనులే. అడవిలో మా పిల్లలని మాకు ముందు యాభై అడుగులు పరిగెత్తనివ్వను. హైకింగ్ అంటే పిల్లలని వదిలెయ్యడమే అనుకునే స్నేహితులు నన్ను చాదస్తురాలంటారు, అనుకోనివ్వండి. 2024 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో బొటానికల్ గార్డెన్‌లో సమ్మర్ క్యాంపుకి వచ్చిన ఐదేళ్ళ పాపని కయోటీ కరిచింది. చుట్టూ పెద్దవాళ్ళు, తోటి పిల్లలు ఉండగానే. ఆ తర్వాత మూడు కయోటీలను కాల్చి చంపితే, డీఎన్ఏ పరీక్షలో వాటిలో ఒకటే కరిచిందని తేలింది. మా పిల్లలకి ఇంట్లో ఆటలాగా నేర్పించాం: కదలకుండా నిలబడు, చేతులు పైకెత్తు, "ఫో" అని అరువు, అరుస్తూనే అమ్మ వైపు నడువు. మూడేళ్ళ లోపు బిడ్డయితే నేర్పేదేం లేదు, ఎత్తుకోవడమే. కయోటీ మీంచి చూపు తిప్పకుండా మోకాళ్ళు కొద్దిగా వంచి ఒక చేత్తో ఎత్తుకోవడం మీ ఇంటి హాల్లో ఒకసారి ప్రయత్నించి చూడండి, అనుకున్నంత తేలిక కాదు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఈల, చేతికర్ర, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఒకటి తీసెయ్యడం. బేర్ స్ప్రే (ఎలుగుబంట్లని తరిమే ఘాటు మందు) కొనేవాళ్ళు ముందు ఆ పార్కు నియమాలు చూసుకోండి, యోసెమిటీ నేషనల్ పార్కులో దాన్ని తీసుకెళ్ళనివ్వరు. నిజంగా మీద పడితే మర్యాద చూడకుండా తిరగబడాలి. కర్ర, రాయి, బ్యాగు, కాలు, ఏది అందితే అది. కింద పడితే వెంటనే లేవాలి, మెడా ముఖం కాపాడుకోవాలి. చచ్చినట్టు పడుకోవడం గ్రిజ్లీ ఎలుగుబంట్ల విషయంలో చెప్పే మాట, ఇక్కడికి తేవొద్దు.

కాటు పడితే, గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి. మనవాళ్ళు చాలామంది వెనకాడేది బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అనే పాత భయంతో. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు గాయం దగ్గర యాంటీబాడీల మందు ఒకసారి, భుజానికి టీకా నాలుగు సార్లు, 0, 3, 7, 14 రోజుల్లో. కయోటీల్లో రేబిస్ ఇప్పుడు అరుదే. 1980ల చివర దక్షిణ టెక్సస్‌లో కుక్కల రేబిస్ కయోటీలకి పాకితే, 1995 నుంచి టీకా పెట్టిన ఎర ముద్దలు విమానాల్లోంచి చల్లి దాన్ని తరిమారు. అయినా గబ్బిలాల నుంచీ, స్కంక్ (దుర్వాసన చిమ్మే చిన్న జంతువు) లాంటి ఇతర జంతువుల నుంచీ అంటుకోవచ్చు, రేబిస్ విషయంలో పందెం కాయకూడదు.

ఇప్పుడు చంపెయ్యమనేవాళ్ళ సంగతి. మనుషులను కరిచిన కయోటీని చంపాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. మొరాగాలో ఎనిమిది నెలలు పట్టింది, అది ఆలస్యం. కానీ అన్నిటినీ పోగొట్టడం ఈ దేశం ఎప్పటినుంచో ప్రయత్నించి ఓడిపోయిన పని. ప్రభుత్వ వన్యప్రాణి విభాగమే ఏటా పదుల వేల సంఖ్యలో చంపుతోంది. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన కయోటీ, తోడేళ్ళని మనుషులు తుడిచిపెట్టాక ఖాళీ అయిన చోటల్లా నిండుకుంటూ ఇవాళ హవాయి తప్ప ప్రతి రాష్ట్రంలో ఉంది, దక్షిణాన పనామా దాకా పోయింది. గ్లెండేల్‌లో పాప పోయాక ఆ ఇంటి చుట్టుపక్కలే 50కి పైగా కయోటీలను పట్టి చంపారు. ఇవాళ గ్లెండేల్‌లో కయోటీలు లేవా? ఉన్నాయి. ఒక చోట జంట చచ్చిపోతే ఆ జాగాలోకి కొత్తవి వస్తాయి, తిండికి పోటీ తగ్గి ఎక్కువ పిల్లలు బతుకుతాయి. కొత్తగా వచ్చినదానికి మన వీధి నియమాలు తెలియవు, మళ్ళీ మొదటినుంచి నేర్పాలి. మనుషులకి ఎడంగా ఉండటం నేర్చుకున్న పాత జంట కొండ మీద ఉంటే, నాకు అదే కావాలి. లక్షలమంది మధ్య వందల కయోటీలు పెద్ద గొడవ లేకుండా బతుకుతున్నాయని షికాగోలో గెర్ట్ బృందం చూపించింది. అవి ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాయి, మనుషులని తప్పించుకుంటాయి.

ఈ ఏడాది కూడా ఇండియా నుంచి అమ్మానాన్నలు ఏప్రిల్ మేలో దిగుతారు, అక్కడి ఎండలు తప్పించుకుని ఆరు నెలలు ఉండి పోతారు. సరిగ్గా బొరియల్లో పిల్లలుండే కాలం. అమ్మమ్మలూ తాతయ్యలూ స్ట్రోలర్ తోసుకుంటూ, చేతిలో మనవడు తినగా మిగిలిన బిస్కెట్ ప్యాకెట్‌తో, సందె వేళ కొండవార దారుల మీద నడుస్తారు. వాళ్ళకి ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన వారంలోనే చెప్పండి. ఆరున్నరకి వెళ్ళే నడక ఐదుకి మార్చుకోమనండి. బిస్కెట్లు ఇంట్లో వదిలి వెళ్ళమనండి. స్ట్రోలర్ వదిలి ఫోన్ తియ్యొద్దనండి. కుక్కలాంటిది ఎదురై కదలకపోతే ఊళ్ళో గొడ్లని, కుక్కలని ఎలా అదిలించేవాళ్ళో అలాగే, అంతే గొంతుతో, తెలుగులోనే అరవమనండి. చుట్టుపక్కల తెల్లవాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దని కూడా చెప్పండి, వాళ్ళలో చాలామందికి ఇది ఆ మొహమాటం వల్లే రాదు. కరిస్తే 911. కరవకుండా వెంటపడితే, పార్కు గేటు దగ్గర బోర్డు మీద నంబరు ఉంటుంది, ముందే ఫోటో తీసి వాళ్ళ ఫోన్‌లో పెట్టండి. పోలీసులకి చెప్తే వీసాకి ఏమైనా అవుతుందేమో అని మా అత్తగారు ఒకసారి అడిగారు. ఏమీ అవ్వదు.